ఈ రీడింగ్ ఎక్కడిది?

విశాఖలో పనిచేసేవాళ్లకు వార్తల కొరత లేదు. బి షిఫ్ట్ దిగి బస్సెక్కేలోపు ఫోన్‌లో పది వచ్చి పడతాయి. ప్లాంటు అమ్మేస్తున్నారట, అమ్మకం ఆగిపోయిందట, కాంట్రాక్టు వాళ్లను తీసేస్తున్నారట, ఫలానా కంపెనీ వస్తోందట, ఆనందపురం వైపు గజం రేటు పెరిగిందట. వీటిలో కొన్ని నిజాలు, కొన్ని అబద్ధాలు. చాలావాటికి మాత్రం మూలంలో నిజమైన కాగితమో, నిజమైన మాటో ఒకటి ఉంటుంది. మన ఫోన్‌కు చేరేసరికి దాని అర్థం మారిపోయి ఉంటుంది.

పచ్చి అబద్ధాన్ని పసిగట్టడం పెద్ద కష్టం కాదు, రెండు రోజుల్లో అదే బయటపడుతుంది. పనివాడి డబ్బు, ఉద్యోగం, ఒక్కోసారి ప్రాణం తీసేవి సగం నిజాలు. అసలు నోటీసును తప్పుగా చదవడం, సరైన అంకెను తప్పు చోటు నుంచి తీసుకోవడం, మొదటి పరీక్షనే చివరి ఫలితం అనుకోవడం లాంటివి. ఇవన్నీ మన ఊళ్లోనే, మన కళ్ల ముందే జరిగాయి. వాటిని ఒక్కొక్కటే విప్పి చూస్తే, రోజూ పనికొచ్చే పద్ధతి ఒకటి దొరుకుతుంది. అన్నిటినీ అనుమానించే ఓపిక, తీరిక ఎవరికీ ఉండవు. డబ్బు కట్టే ముందు, సంతకం పెట్టే ముందు, పర్మిట్ ఇచ్చే ముందు, నలుగురికి పంపే ముందు ఆగి చూడటం మాత్రం అలవాటు చేసుకోవచ్చు.

నిర్ణయం తీసుకున్నది ఎవరు, మార్చగలిగేది ఎవరు?

2021 జనవరి 27న కేంద్ర కేబినెట్ ఆర్థిక వ్యవహారాల కమిటీ, విశాఖ స్టీల్ ప్లాంటును నడిపే ఆర్‌ఐఎన్‌ఎల్‌లో ప్రభుత్వానికి ఉన్న వాటాను నూరు శాతం అమ్మడానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. అప్పటి నుంచి గాజువాక, కూర్మన్నపాలెం, ఉక్కునగరంలో స్టీల్ ప్లాంటు మీద ఏ మాట వినబడినా ఆ భయంతోనే వింటున్నారు.

2023 మార్చి 27న యాజమాన్యం ఒక ఎక్స్‌ప్రెషన్ ఆఫ్ ఇంట్రెస్ట్ పిలిచింది. కోకింగ్ కోల్, ఇనుప ఖనిజం లాంటి ముడిసరుకు గానీ, వర్కింగ్ క్యాపిటల్ గానీ ఇవ్వండి, బదులుగా స్టీల్ తీసుకోండి అన్నది దాని సారాంశం. వాటా అమ్మకం ఊసు అందులో లేదు. ఊళ్లో మాత్రం అది ‘ప్లాంటుకు బిడ్లు’ అయింది. తెలంగాణ ప్రభుత్వం సింగరేణి బొగ్గు సంస్థ అధికారులను పరిశీలనకు పంపడంతో, పొరుగు రాష్ట్రం ప్లాంటునే కొంటోందన్నంత వరకు వెళ్లింది. నోటీసు ఆసాంతం చదివినవాడికి ఇది పది నిమిషాల్లో తేలిపోయే విషయం. చదివినవాళ్లు తక్కువ, పంపినవాళ్లు ఎక్కువ.

ఇంకో రెండు వారాలకు, ఏప్రిల్ 13న, అప్పటి ఉక్కు శాఖ సహాయ మంత్రి ఫగ్గన్ సింగ్ కులస్తే విశాఖ వచ్చారు. ప్రస్తుతానికి ప్రైవేటీకరణపై ముందుకు వెళ్లడం లేదని, ఆర్‌ఐఎన్‌ఎల్‌ను బలోపేతం చేసే పనిలో ఉన్నామని అన్నారు. సాయంత్రానికల్లా ఆ మాట ‘ప్రైవేటీకరణ రద్దు’గా మారింది. అది తమ ఒత్తిడి ఫలితమేనని చెప్పుకున్న పార్టీలూ ఉన్నాయి. మర్నాడు, ఏప్రిల్ 14న, ఉక్కు శాఖ వివరణ ఇచ్చింది. పెట్టుబడుల ఉపసంహరణ ప్రక్రియ ఆగలేదు, నడుస్తూనే ఉంది అని.

మంత్రి అనని మాట ఎవరూ పుట్టించలేదు. ‘ప్రస్తుతానికి’ అన్న ఒక్క మాట జారిపోయింది, అంతే. అది కావాలని జారలేదు. మనం రెండేళ్లుగా వినాలనుకుంటున్న వార్త అది, అందుకని అడ్డుపడే మాటను చెవి వదిలేసింది. ఏ వార్తయినా విన్న వెంటనే గుండె తేలికపడిందంటే, భయపెట్టే వార్తకన్నా దాన్ని మరింత జాగ్రత్తగా చదవాలి.

రెండో పాఠం అధికారానికి సంబంధించినది. కేబినెట్ కమిటీ తీసుకున్న నిర్ణయాన్ని మార్చాలంటే ఆ స్థాయిలోనే మరో నిర్ణయం రావాలి. విలేకరుల ముందు చెప్పిన మాటతో అది చెరిగిపోదు. మీ డిపార్ట్‌మెంట్‌లోనూ ఇంతే. ‘నీ కాంట్రాక్టు రెన్యువల్ అయిపోయింది, కంగారు పడకు’ అని సూపర్‌వైజర్ అంటే ఆయన మనసు మంచిదే కావచ్చు. వర్క్ ఆర్డర్ మీద సంతకం చేసేది ఆయన కాదు. ఆ సంతకం ఎవరిదో తెలుసుకుని, కాగితం బయటికి వచ్చేదాకా పిల్లల ఫీజు లెక్కలు పాత పద్ధతిలోనే వేసుకోండి.

అంకెను ముక్కలు చేసి చదవండి

2025 జనవరిలో కేంద్రం ఆర్‌ఐఎన్‌ఎల్‌కు రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అందరి నోటా ఆ అంకే. ప్రకటన చదివితే అది రెండు ముక్కలుగా కనిపిస్తుంది. రూ.10,300 కోట్లు ఈక్విటీ. మిగతా రూ.1,140 కోట్లు, అప్పటికే ఇచ్చిన వర్కింగ్ క్యాపిటల్ రుణాన్ని ప్రిఫరెన్స్ షేర్లుగా మార్చడం. అంటే ఆ రెండో ముక్క 2024 సెప్టెంబరులోనే వచ్చిన డబ్బు, పద్దు మాత్రం మారింది. 2021 నాటి నిర్ణయం రద్దయిందన్న మాట కూడా ఆ ప్రకటనలో లేదు. ప్యాకేజీ చిన్నదని చెప్పడం నా ఉద్దేశం కాదు. పెద్దదే. కాకపోతే అదే రోజు ‘బకాయిలన్నీ వచ్చేస్తాయి’ అని లెక్కలు వేసుకుని, ఆ ధీమాతో పర్సనల్ లోన్ తీసుకుంటే ఆ పొరపాటు కేంద్రానిది కాదు. మీ జీతం సంగతి తెలియాలంటే మీ పర్సనల్ డిపార్ట్‌మెంట్ సర్క్యులర్ చూడాలి. ఢిల్లీ ప్రకటన కంపెనీ గురించి మాట్లాడుతుంది, మీ పే స్లిప్ గురించి కాదు.

ఉద్యోగాల అంకెలదీ ఇదే తీరు. ‘లక్ష ఉద్యోగాలు’ అని ఎవరైనా అంటే మూడు ప్రశ్నలు అడగండి. నేరుగా కంపెనీ రోల్స్ మీద ఎన్ని? నిర్మాణం జరిగే రెండు మూడేళ్లకే పరిమితమైనవి ఎన్ని? ఎన్నేళ్లలో? ఈ మూడూ లేని అంకె మీద కోర్సు మార్చకండి, ఊరు మారకండి.

వార్త ఏ మెట్టు మీద ఉంది?

మన ప్లాంటు చరిత్రే దీనికి మంచి కొలబద్ద. 1970 ఏప్రిల్‌లో ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మండింది 1990లో. జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న, పి.వి. నరసింహారావు హయాంలో. ప్రకటనకూ అంకితానికీ మధ్య 22 ఏళ్లు. విశాఖ కేంద్రంగా వచ్చిన రైల్వే జోన్ సంగతి చూడండి. ప్రకటన 2019 ఫిబ్రవరి 27న వచ్చింది, జోన్ ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరి 8న జరిగింది. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో ఏఐ హబ్ కోసం ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. అదీ నిజమే, అయితే ఐదేళ్లలో.

ప్రకటన, ఒప్పందం, కేబినెట్ ఆమోదం, భూమి అప్పగింత, శంకుస్థాపన, టెండర్, నిర్మాణం, ఉత్పత్తి. ఇవన్నీ వేర్వేరు మెట్లు. పేపర్లో అన్నిటికీ ఒకే సైజు హెడ్డింగ్ పడుతుంది. మన చేతిలోని డబ్బు మాత్రం ఏ మెట్టు దగ్గర దిగాలో మనమే తేల్చుకోవాలి. ‘రేపు రెట్టింపు అవుతుంది’ అని పీఎఫ్ అడ్వాన్స్ తీసి ప్లాటు కొనే ముందు ఆ ప్రాజెక్టు ఏ మెట్టు మీద ఉందో చూడండి. లేఅవుట్‌కు నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ అనుమతి ఉందో లేదో, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ ఏం చెబుతోందో చూడండి. ఇవన్నీ అడిగితే బ్రోకర్ విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. ఈఎంఐ కట్టేది మీరు.

అంకె నిజం, అర్థం తప్పు

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన వేసిన హైపవర్ కమిటీ జూలై 6న నివేదిక ఇచ్చింది. అందులో మన ఊళ్లో పనిచేసే ప్రతి ఆపరేటర్‌కూ తెలిసి ఉండాల్సిన సంగతి ఒకటుంది. లాక్‌డౌన్‌లో సరుకు కదలకుండా నిల్వ ఉన్న ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగు భాగంలోనే ఉంది. మధ్యలోనూ పైనా ఎంత వేడి ఉందో చూపించే సాధనం లేదు. పైపొరల్లో పాలిమరైజేషన్ మొదలై వేడి పెరిగిపోతున్నా అడుగున అంకె ఆ సంగతి చెప్పలేదు. దాన్ని అడ్డుకోవాల్సిన టీబీసీ రసాయనం సరిపడా లేదు. ప్రమాదం జరిగాక సైరన్ మోగలేదు.

లాగ్‌బుక్‌లో ఎవరో దొంగ అంకె రాసి ఉంటే దొంగను పట్టుకుంటే సరిపోయేది. ఇక్కడ అంకె సరైనదే, అది ట్యాంకు అడుగు గురించి చెబుతోంది. దాన్ని ట్యాంకు మొత్తానికి అన్వయించుకోవడంలోనే ప్రమాదం ఉంది.

ఈ ప్రశ్నను అలవాటు చేసుకోండి: ఈ రీడింగ్ ఎక్కడిది, ఎప్పటిది? కన్ఫైన్డ్ స్పేస్‌లోకి దిగే ముందు ‘గ్యాస్ టెస్ట్ అయింది, ఓకే’ అన్నారనుకోండి. మ్యాన్‌హోల్ నోటి దగ్గర తీశారా, లోపల దిగి తీశారా? హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా బరువు, అడుగున చేరుతుంది. కార్బన్ మోనాక్సైడ్ దాదాపు గాలి బరువే, ఎక్కడైనా ఉండొచ్చు. అందుకే పైన, మధ్యలో, కింద మూడు చోట్లా తీయాలి. షిఫ్ట్ మొదట్లో తీసిన రీడింగ్‌తో భోజనం తర్వాత దిగకూడదు. ఇంకొకటి, ‘ఈ నెల ప్రమాదాలు సున్నా’ అని బోర్డు మీద రాస్తారు. రెగ్యులర్ వాళ్లవేనా, కాంట్రాక్టు వాళ్లను కలిపా? జీతాల సగటు చెబుతారు. మేనేజర్లను కలిపా, విడదీసా? అడిగితే సగం వాదనలు అక్కడే తేలిపోతాయి.

మొదటి పరీక్ష చివరి మాట కాదు

2024 మార్చి 19న సీబీఐ విశాఖ పోర్టులో ఒక కంటైనర్‌ను పట్టుకుంది. బ్రెజిల్‌లోని శాంటోస్ నుంచి వచ్చింది. 25 కిలోల బస్తాలు వెయ్యి, అంటే 25 టన్నులు, కాగితాల మీద ‘ఎండు ఈస్ట్’. ఇంటర్‌పోల్ సమాచారంతో తెరిచి, అక్కడికక్కడే కిట్‌తో పరీక్షిస్తే మాదకద్రవ్యాల జాడ ఉన్నట్టు కనిపించింది. అసెంబ్లీ ఎన్నికల షెడ్యూలు వచ్చి మూడు రోజులే అయింది. ‘25 వేల కిలోల డ్రగ్స్’ అని దేశమంతా మోగింది. పార్టీలు ఒకదాని మీద ఒకటి ఫొటోలు, బంధుత్వాలు విసురుకున్నాయి. నెలల తర్వాత ల్యాబ్ ఫలితాల్లో ఆ సరుకులో మాదకద్రవ్యాలు లేవని తేలింది. ఆ వార్తకు పడిన అక్షరాలు చాలా చిన్నవి.

ఇక్కడ సీబీఐ తప్పు చేసిందనుకోనక్కర్లేదు. ఫీల్డ్ కిట్ పని అదే, అనుమానం ఉంటే సరుకును ఆపడం. అవునో కాదో తేల్చే పని ల్యాబ్‌ది. పోర్టులో, ఫార్మాలో, స్టీల్ ప్లాంటు క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకు ఈ తేడా వృత్తి రీత్యా తెలుసు. విచిత్రమేమిటంటే పనిలో ఒక్క శాంపిల్‌తో హీట్‌ను రిజెక్ట్ చేయని మనిషి, ఫోన్‌లో మాత్రం ఒక్క వీడియోతో ఒక మనిషి జీవితాన్ని రిజెక్ట్ చేస్తాడు. సరుకు దిగుమతి చేసుకున్న కంపెనీలో పనిచేసే గుమస్తాలకు, డ్రైవర్లకు ఆ నెలలు ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోండి.

సహోద్యోగి మీద వచ్చే మాటలకూ ఈ నియమమే. ‘స్టోర్స్‌లో ఫలానావాడు సరుకు తరలించాడట, ఎంక్వైరీ వేశారు.’ ఎంక్వైరీ వేయడం అంటే ఫీల్డ్ కిట్ రంగు మారడం లాంటిది. ఆర్డర్ వచ్చేదాకా నోరు మూసుకోవడం మర్యాదే కాదు, మీకు రక్షణ కూడా. రేపు అతను నిర్దోషిగా తిరిగొచ్చి మీ సెక్షన్ ఇన్‌చార్జి కావచ్చు.

ఐదు గ్రూపులు అంటే ఐదుగురు సాక్షులు కారు

‘అందరూ అంటున్నారు’ అన్నది మనల్ని తేలిగ్గా పడగొట్టే వాదన. యూనియన్ గ్రూపు, బ్యాచ్ గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, కులం గ్రూపు, బంధువుల గ్రూపు. ఐదింట్లోనూ ఒకే సందేశం వస్తే ఐదుసార్లు రుజువైనట్టు అనిపిస్తుంది. వాక్యాలు, అచ్చుతప్పులతో సహా ఒకటే అయితే మూలం ఒకటే. ఆ మూలం ఎవరో తెలియనప్పుడు మీ దగ్గర ఉన్న సాక్షుల సంఖ్య సున్నా.

సరిచూసుకునే దారులు తక్కువేమీ లేవు. కేంద్ర ప్రభుత్వ నిర్ణయమైతే ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో (పీఐబీ) ప్రకటన ఉంటుంది. పీఐబీ 2019 నుంచి ఫ్యాక్ట్ చెక్ విభాగం కూడా నడుపుతోంది. తెలుగులో వైరల్ వీడియోలను పరిశీలించి రాసే ఫ్యాక్ట్‌లీ లాంటి సంస్థలున్నాయి. ఒక మెలకువ చెబుతాను. ప్రభుత్వ ఫ్యాక్ట్ చెక్ ప్రభుత్వం తరఫు మాట చెబుతుంది, యూనియన్ పత్రిక యూనియన్ తరఫు మాట చెబుతుంది. రెండూ చదవండి. ఇద్దరూ ఒప్పుకునే సంగతులు ఏవో గుర్తించండి. నేల గట్టిగా ఉండేది అక్కడే.

ఉద్యోగం ఇప్పిస్తామనేవాళ్లు

2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం చదువుకున్న పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలియాలి. విదేశంలో డేటా ఎంట్రీ ఉద్యోగమన్నారు. ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర దాకా తీసుకున్నారు. టూరిస్ట్ వీసా మీద కంబోడియా చేర్చి, అక్కడి చైనా ముఠాల చేతుల్లో పెట్టారు. వాళ్ల చేత మన దేశంలోని వాళ్లకే ఫోన్లు చేయించి మోసాలు చేయించారు. ఒప్పుకోనివాళ్లను చీకటి గదుల్లో పెట్టారు. ఒక్క విశాఖ నుంచే సుమారు 150 మంది వెళ్లారని పోలీసులు చెప్పారు.

వెళ్లినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. కంప్యూటర్ తెలిసినవాళ్లే, అందుకే వాళ్లను ఎంచుకున్నారు. ఇంటి అప్పు, వయసు, పక్కింటి అబ్బాయి దుబాయ్ జీతం. ఈ ఒత్తిడిలో ప్రశ్న అడిగితే అవకాశం పోతుందేమోనన్న భయం పనిచేస్తుంది. మోసగాడి పెట్టుబడి ఆ భయమే. అందుకే ప్రశ్నలు ముందే రాసి పెట్టుకోండి.

ఏజెంటుకు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉందా? రిజిస్టర్డ్ ఏజెంటు వసూలు చేయగల సేవా రుసుము రూ.30,000, దాని మీద జీఎస్టీ. లక్షన్నర అడిగినప్పుడే సంగతి తేలిపోవాలి. వీసా ఏ రకం? టూరిస్ట్ వీసా మీద ‘వెళ్లాక మార్పిస్తాం’ అంటే అక్కడితో ఆపండి. డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్తోంది, కంపెనీదా, మనిషి పేరు మీద ఉన్న యూపీఐకా? మీకన్నా ముందు అదే ఏజెంటు పంపిన ఒకరితో, ఏజెంటు పక్కన లేకుండా, వీడియో కాల్‌లో మాట్లాడగలరా?

స్టీల్ ప్లాంటు, పోర్టు, రైల్వే, షిప్‌యార్డు పేరుతో నడిచే దొడ్డిదారి బేరాలకూ ఇవే ప్రశ్నలు. ప్రభుత్వ రంగ సంస్థలో ఖాళీ ఉంటే నోటిఫికేషన్ సంస్థ సొంత వెబ్‌సైట్‌లో ఉంటుంది. లెటర్‌హెడ్, సీలు, సంతకం ఇవాళ ఎవరైనా పది నిమిషాల్లో తయారు చేస్తారు. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పరువు పోతుందని రెండు రోజులు దాచుకుంటే, ఖాతాలో ఆపగలిగిన డబ్బు కూడా చేతులు మారిపోతుంది.

సీటు దగ్గరికి వచ్చే మోసం

కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో ఒక అకౌంట్స్ కుర్రాడు ఉన్నాడనుకుందాం. శుక్రవారం సాయంత్రం షిప్పింగ్ లైన్ నుంచి మెయిల్ వచ్చింది: మా బ్యాంకు ఖాతా మారింది, ఈ కొత్త ఖాతాకు వెంటనే పంపండి, లేకపోతే డిటెన్షన్ చార్జీలు పెరుగుతాయి. ఇన్‌వాయిస్ నంబరు సరిగ్గానే ఉంది, కంటైనర్ నంబరు సరిగ్గానే ఉంది. బాస్ తొందరపెడుతున్నాడు. మెయిల్ అడ్రస్‌లో ఒక్క అక్షరం తేడా ఉంది, అది ఫోన్ స్క్రీన్ మీద కనిపించదు.

చేయాల్సింది ఒక్కటే. పాత ఇన్‌వాయిస్ మీద ఉన్న నంబరుకు, లేదా రోజూ మాట్లాడే మనిషికి ఫోన్ చేయాలి. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు చేస్తే అవతల ఎత్తేది మోసగాడే. ఖాతా మార్పు ఏదైనా ఇద్దరు సరిచూశాకే చెల్లింపు అని ఆఫీసులో రాతపూర్వకంగా నియమం పెట్టించుకోండి. అప్పుడు ఆలస్యానికి కుర్రాడు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు, నియమమే చెబుతుంది.

ఏఐ సంగతీ ఇక్కడే చెప్పాలి. టెండర్ క్లాజు, ప్రమాదకర సరుకు నిబంధన, లేబర్ చట్టం సెక్షన్ ఏది అడిగినా చాట్‌జీపీటీ తడుముకోకుండా జవాబిస్తుంది. తెలియనప్పుడూ అదే ధీమాతో ఇస్తుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు అది ఇచ్చిన తీర్పులను కోర్టులో దాఖలు చేశారు. ఆ తీర్పులు అసలు లేనే లేవు. 5,000 డాలర్ల జరిమానా పడింది. దాన్ని వాడొద్దని చెప్పను, పోటీలో ఉన్నాం, అందరూ వాడుతున్నారు. ఎక్కడ వెతకాలో దాన్ని అడగండి. అది చెప్పిన క్లాజును మాత్రం అసలు డాక్యుమెంటు తెరిచి మీ కళ్లతో చదివాకే నోట్‌లో పెట్టండి. నోట్ కింద ఉండే సంతకం మీది.

ఆగి చూసే తీరిక లేనప్పుడు

ఇప్పటిదాకా ‘ఆగండి, చూడండి’ అన్నాను. దానికి మినహాయింపు ఉంది. 2020 మే 7 రాత్రి, తెల్లవారుజామున జరిగిన లీకు చాలదన్నట్టు, ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి మళ్లీ ఆవిరి వస్తోందన్న మాట పాకింది. 5 కిలోమీటర్ల లోపు ఖాళీ చేయాలన్న మాట ఒకవైపు, 2 కిలోమీటర్లు దాటినవాళ్లు కదలక్కర్లేదన్న పోలీసుల మాట మరోవైపు. జనం పిల్లల్ని తీసుకుని అర్ధరాత్రి రోడ్లెక్కారు.

ఆ రాత్రి బయల్దేరినవాళ్లను నేను తప్పుపట్టను. వెళ్లినందువల్ల పోయేది ఒక రాత్రి నిద్ర. వెళ్లకపోతే, ఆ మాట నిజమైతే, పోయేది ప్రాణం. నష్టాలు ఇంత తేడాగా ఉన్నప్పుడు తక్కువ రుజువుతోనే కదలాలి. రుజువు ఎంత కావాలన్నది, పొరపాటు పడితే పోయేది ఎంత, వెనక్కి తెచ్చుకోగలమా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్లాటు కొనడానికి నెల రోజులు సరిచూడండి, గ్యాస్ సైరన్‌కు ఒక్క నిమిషం కూడా వద్దు.

ఎటు వెళ్లాలన్నది మాత్రం ఫార్వర్డ్ మెసేజ్ చెప్పదు. ప్లాంటులో విండ్‌సాక్ చూడండి, బయట పొగ, జెండాలు చూడండి. గాలి వీచే దిక్కుకు అడ్డంగా కదలండి. స్టైరీన్ లాంటి బరువైన ఆవిరి పల్లంలోకి దిగుతుంది, మెరక వైపు వెళ్లండి. మీ అసెంబ్లీ పాయింట్ ఎక్కడో ఇవాళే చూసి పెట్టుకోండి.

ఏదీ నమ్మనివాడికీ ముప్పే. ‘టీవీ వాళ్లు అలాగే అంటారు’ అని తుపాను హెచ్చరికను కొట్టేసేవాళ్లు మనలో ఉన్నారు. పోర్టు హెచ్చరికలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. టీవీలో అన్నిటినీ ‘ప్రమాద హెచ్చరిక’ అనే చదువుతారు. అసలు కొలత ప్రకారం 3 స్థానికంగా జాగ్రత్త పడమని చెప్పేది. 5 నుంచి 7 ప్రమాదం, 8 నుంచి 10 మహా ప్రమాదం. 11 అంటే తుపాను ఇంకా పెద్దదైందని కాదు, హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక ఫోన్లు మూగబోయిన నగరంలో ఉన్నవాళ్లకు ఆ చివరి అంకె అర్థం వివరించనక్కర్లేదు. కబురు రాకపోతే అంతా క్షేమమని కాదు. కొలత తెలిసినవాడు 3కు హడలిపోడు, 8ని తేలిగ్గా తీసుకోడు.

పైవాళ్లను అడగడం ఎలా?

ఇంత చదివాక కూడా చాలామంది ఆగిపోయేది ఒక్క చోట. తప్పు కనిపిస్తుంది, సార్‌తో చెప్పలేరు. ‘మీరు చెప్పింది తప్పు సార్’ అంటే సంభాషణ అక్కడితో అయిపోతుంది, అప్రైజల్ కూడా అయిపోవచ్చు. ‘సార్, ఈ రీడింగ్ ఏ పాయింట్‌ది? రెండో పాయింట్‌లో కూడా తీసి పర్మిట్ మీద రాస్తాను’ అనండి. మీరు అభిప్రాయం చెప్పడం లేదు, పని అడుగుతున్నారు. అయినా వద్దంటే అదే మాట మెయిల్‌లో, లాగ్‌బుక్‌లో మర్యాదగా రాసి పెట్టండి. నోటిమాటకు తర్వాత ఎవరూ బాధ్యత తీసుకోరు.

షిఫ్ట్ హ్యాండోవర్‌లో నాలుగు మాటలను వేరు చేసి రాయడం నేర్చుకోండి: చూశాను, కొలిచాను, విన్నాను, అనుకుంటున్నాను. ‘పంపులో శబ్దం ఉంది, బేరింగ్ పోయింది’ అన్న వాక్యంలో మొదటి సగం విన్నది, రెండో సగం అనుకున్నది. కలిపి రాస్తే వచ్చే షిఫ్ట్ వాడు బేరింగ్ మార్చి వదిలేస్తాడు, అసలు కారణం కప్లింగ్‌లో ఉండిపోతుంది.

గ్రూపుల్లో పంపే విషయంలో ఇంకొంచెం కఠినంగా ఉండండి. ప్లాంటు లోపలి ఫొటో, ప్రమాద వీడియో, సర్క్యులర్ సగం పేజీ పంపితే కండక్ట్ రూల్స్ కింద మెమో వచ్చేది మొదట తయారుచేసినవాడికి కాదు, పేరు, ఫోన్ నంబరుతో దొరికిన మీకు. పుకారు వల్ల అలజడి రేగితే పోలీసు కేసు కూడా అవుతుంది. యూనియన్ ప్రతినిధిగా సభ్యులకు సమాచారం ఇవ్వడం మీ బాధ్యతే అయితే కాగితం పూర్తిగా పెట్టండి. తేదీ, సంతకం కనిపించాలి. మీ వ్యాఖ్యను కాగితం కింద విడిగా రాయండి. ఒకసారి తప్పుడు వార్త మోసిన నాయకుడి నిజమైన పిలుపుకు కూడా రెండోసారి గేటు దగ్గరికి జనం రారు.

రేపటి షిఫ్ట్ నుంచే మొదలుపెట్టొచ్చు. మిమ్మల్ని కదిలించిన వార్త ఒక్కటి తీసుకోండి. దాని అసలు కాగితం వెతకండి, ఎవరు సంతకం చేశారో, ఏ మెట్టు మీద ఉందో, ఏ మాట జారిపోయిందో ఒక్క పేజీలో రాసుకోండి. దొరక్కపోతే ‘దొరకలేదు’ అని రాసి, దాని మీద రూపాయి కూడా పెట్టకండి. నెల తిరిగేసరికి మీ సెక్షన్‌లో ఎవరైనా ‘ఇది నిజమేనా?’ అని మీ దగ్గరికి వస్తారు. ప్రమోషన్ లిస్టులో దానికి మార్కులు ఉండవు. క్లిష్టమైన పని అప్పగించేటప్పుడు మాత్రం పైవాళ్లు వెతికేది అలాంటి మనిషినే.